మూకుడు మోత

ఉత్తరం ఉదయం తొమ్మిదింటికి వచ్చింది. పోస్టుమాన్ దాన్ని ఒడిల్ చేతికిచ్చి, పొయ్యి దగ్గర నిలబడి ఒక గుక్క సారా తాగాడు. "ఎండ కాసింది కదా అని నమ్మకు తల్లీ. నా మోకాలు వేరే మాట చెబుతోంది," అని సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆమె భర్త ప్రివా ఉత్తరాలు ఎప్పుడూ పొట్టివే. ఇది ఏడు వాక్యాలు. ఊపిరితిత్తి మానిందని డాక్టర్లు చెప్పారు. ఈస్టర్ దాకా ఆగక్కర్లేదన్నారు. మంగళవారం మాంద్ నుంచి వచ్చే బస్సులో ఒంటిగంటకి కనుమ దగ్గర దిగుతాను. ఎవరూ ఎదురు రావద్దు, నడిస్తే మంచిదేనట. సూపులో పంది కొవ్వు ముక్క ఇంకొకటి వెయ్యి. ఇక్కడి చర్చి గంటలు పూటపూటా వెండి పళ్ళెం మీద కొట్టినట్టు మోగుతుంటే విని విని విసుగొచ్చింది. మన మూకుడు మోత వినాలనుంది.

ఉత్తరం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ రోజే మంగళవారం.

ఒడిల్ చివరి వాక్యం రెండోసారి చదివి నవ్వుకుంది. ఉత్తరం మడిచి ఎప్రన్ జేబులో పెట్టుకుంది. ఒక్క ముక్క అడిగాడు కాబట్టి రెండు ముక్కలు కోసి కుండలో వేసింది.

వెర్నాస్‌లో ఏడు గడపలున్నాయి. లొజేర్ కొండ ఉత్తరపు వాలు మీద, పదమూడు వందల మీటర్ల ఎత్తున ఉంటుంది ఆ పల్లె. చర్చి లేదు. గంట మాత్రం ఉంది. ఊరందరూ రొట్టెలు కాల్చుకునే పొయ్యిగది గోడ మీద, గ్రానైటు రాళ్ళ కమానులో అది వేలాడుతుంది. తాడు కింద వీధిలోకి దిగుతుంది. అది ప్రార్థన కోసం పెట్టింది కాదు. సుడిమంచు కోసం పెట్టింది.

మంచు పడితే ఆ ఊళ్ళో ఎవరూ లెక్కచేయరు. పడిన మంచుని గాలి నేల మీంచి లేపి తిప్పడం మొదలుపెడితే మాత్రం పశువులు తలుపు వైపు తిరుగుతాయి. అప్పుడు మనిషి చెయ్యి చాపితే వేళ్ళు కనిపించవు. దారి పక్కన నలభై అడుగులకొకటి పాతిన రాళ్ళు కూడా కనిపించవు. ఊరు తాడు పట్టుకుంటుంది. అరగంటకొక ఇల్లు చొప్పున, గాలి ఆగేదాకా లాగుతారు. బయట ఉన్నవాడు మోత పట్టుకుని నడిచి వస్తాడు. ఎప్పుడో ఒక శీతాకాలంలో తాడు పట్టుకున్నవాడు సూపు తాగి వద్దామని పది నిమిషాలు వదిలాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో మంచు కరిగాక గిన్నెలమ్మే వ్యాపారి ఒకడు బట్టలుతికే తొట్టి గోడ పక్కన దొరికాడు. గంటకీ అతనికీ మధ్య అరవై అడుగులు. వదిలినవాడి పేరు ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు.

లోయకి అవతల సెర్విల్ ఉంది. దానికీ గంట ఉంది. అది తేటగా మోగుతుంది. వెర్నాస్ గంట ఎనభై ఏళ్ళ కింద పగిలింది. దాని మోత డగ్గు డగ్గుమని, అడుగంటిన మూకుడు మీద గరిటెతో కొట్టినట్టు ఉండేది. సెర్విల్ వాళ్ళు సంతలో కనిపిస్తే చాలు, "అదుగో మూకుడోళ్ళు వచ్చారు, తలో గరిటె సూపు పొయ్యండి," అనేవాళ్ళు. వెర్నాస్ వాళ్ళకి సిగ్గుగా ఉండేది. కానీ వెర్నాస్ పిల్లలు ప్రార్థనల కంటే ముందు నేర్చుకునేది ఒకటుంది. మూకుడు మోత వినిపిస్తే దాని మీదకే నడవాలి. తేట గంట వినిపిస్తే అడుగు వెయ్యకూడదు. తేట గంటకీ తమకీ మధ్య లోయ ఉంటుంది. లోయ లోతు అరవై మీటర్లు.

కిందటి అక్టోబరులో ఊరు ఆ గంటని దించి, కరిగించి, కొత్తగా పోయించింది. దీనికంతటికీ తిరిగినవాడు ఉర్బాన్. వయసు డెబ్భై నాలుగు. నలభై ఏళ్ళు గ్రానైటు కొట్టిన చేతులు. అతని భార్య రొసాలీ ఆ ఏడు వసంతంలోనే చనిపోయింది. తన మెడలోని బంగారు శిలువని కంచులో కలపమని చెప్పి పోయింది. కొత్త గంటకి పాదిరీ నీళ్ళు చల్లి రొసాలీ అని పేరు పెట్టాడు. అక్షరాలు గంట నడుం చుట్టూ ఉన్నాయి. మొదటిసారి మోగించిన రోజు ఏడు గడపలవాళ్ళూ వీధిలో నిలబడి విన్నారు. తేటగా మోగింది. సెర్విల్ గంట కంటే ఏం తక్కువ అనుకున్నారు. ఆ చలికాలమంతా మంచు పడింది గానీ సుడిమంచు లేవలేదు.

ప్రివా అప్పటికి ఏడాదిగా శానటోరియంలో ఉన్నాడు. ఇప్పటికి పదిహేడు నెలలు. ఒడిల్ ప్రతి ఆదివారం ఉత్తరం రాసింది. ఆవు ఈనిందని రాసింది, రొసాలీ పోయిందని రాసింది, పైకప్పు పలక జారిందని రాసింది. గంట సంగతి రాయలేదు. ఊళ్ళో వాళ్ళనీ రాయనివ్వలేదు. ప్రివా తన చెవులతో తనే వినాలని ఆమె కోరిక.

పదకొండింటికి పక్కింటి సిదోనీ పాల బిందెతో వచ్చింది. యాభై దాటిన విధవరాలు. ఒడిల్ తల దువ్వుకుని, ఆదివారం వేసుకునే నీలం జాకెట్టు వేసుకుని ఉంది.

"ఏంటే, మంగళవారం నాడు ముస్తాబయ్యావ్? బిషప్పు గానీ వస్తున్నాడా?"

"ప్రివా వస్తున్నాడక్కా. ఒంటిగంట బస్సుకి."

సిదోనీ బిందె కింద పెట్టింది. "ఇవాళేనా! అయితే గంట సంగతి?"

"తెలీదు. ఇంకా మూకుడే అనుకుంటున్నాడు. ఇదిగో, రాశాడు కూడా."

"ఉర్బాన్ మావకి చెప్పు. వాడు ఊరి ముందు శిలువ మలుపు తిరగంగానే మోగిస్తాడు. ముసలాయన అక్టోబరు నుంచీ ఎవరైనా చచ్చిపోతారేమో మోగిద్దామని చూస్తున్నాడు." ఆమె కుండ మూత తీసి వాసన చూసింది. "రెండు ముక్కలే! నాకెప్పుడూ ఒకటే పడేస్తావు."

"నీకు ఊపిరితిత్తి బాగానే ఉందిగా."

"దేవుడి దయవల్ల నోరు కూడా," అంది సిదోనీ.

ఒంటిగంటకి ఎండ ఉంది. ఒడిల్ గుమ్మంలో నిలబడి కనుమ వైపు చూసింది. ఐదు కిలోమీటర్లు. మామూలు మనిషికి గంట నడక, ప్రివాకి ఇప్పుడు రెండు గంటలు అనుకుంది. ఒకటీ నలభైకి కనుమ మీద గీత చెరిగిపోయింది. ఆకాశానికీ మంచుకీ మధ్య ఉండే గీత అది. పశువుల కొట్టంలో ఆవు తలుపు వైపు తిరిగింది. రెండింటికి ఒడిల్‌కి పొయ్యిగది కనిపించలేదు. అది ఆమె గుమ్మానికి ఇరవై అడుగుల దూరం.

ఆమె గోడ పట్టుకుని వెళ్ళేసరికి ఉర్బాన్ తాడు దగ్గర ఉన్నాడు. లాగుతున్నాడు. గంట పైన ఎక్కడుందో కనిపించడం లేదు, మోత మాత్రం దిగుతోంది.

"వాడెక్కడిదాకా వచ్చుంటాడంటావు?" అన్నాడు.

"సగం దాటుంటాడు తాతా. మూడు కిలోమీటర్లు అనుకో."

"అంటే లోయ అంచు మీద ఉన్నాడు." ఉర్బాన్ తాడు ఆపలేదు. "మంచిదే. మోత అందుతుంది. నువ్వెళ్ళి నిప్పు రాజెయ్యి."

"వంతు నాది. మా ఇంటి మనిషి బయట ఉన్నాడు."

అతను తాడు ఆమె చేతికిచ్చాడు. అప్పటి నుంచి ఆమె లాగింది. ఒకసారి లాగాక నాలుగు అంకెలు లెక్కపెట్టి మళ్ళీ లాగాలి. పద్ధతి అది. తాడు మీద మంచు గడ్డకట్టి చేతి తొడుగులకి అంటుకుంటోంది. రెండున్నరకి ఆమె వంతు అయింది. ఇవ్వలేదు. ఉర్బాన్ అడగలేదు.

మూడుకి పావు తక్కువ ఉండగా సిదోనీ గోడ తడుముకుంటూ వచ్చింది. కనుబొమలు మంచుతో తెల్లబడ్డాయి.

"చచ్చిపోయాను అనుకో. కొట్టంలోంచి బయటికొస్తే అటు గంట, ఇటు గంట. మనది ఏదో, సెర్విల్‌ది ఏదో తెలిస్తే ఒట్టు. ఇరవై అడుగుల్లో ఉండి వాళ్ళ గంట వైపు నాలుగడుగులేశాను. కంచె తగిలితే ఆగాను. ఇంత బతుకూ బతికి సెర్విల్ పాలయ్యేదాన్ని!" అని నవ్వింది.

ఒడిల్ నవ్వలేదు. తాడు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి.

"లాగు!" అని అరిచాడు ఉర్బాన్. "అమ్మాయ్, లాగు! ఆపుతావేంటి?"

"తాతా, వాడికి తెలీదు."

"ఏం తెలీదు?"

"గంట మారిందని తెలీదు. వాడు మూకుడు కోసం వింటున్నాడు. ఇదేమో తేటగా మోగుతోంది. సెర్విల్ గంట అనుకుంటాడు."

ఉర్బాన్ ఆమె చేతుల్లోంచి తాడు లాక్కుని లాగాడు. గంట మోగింది. ముగ్గురూ విన్నారు. లోయ అవతల నుంచి, గాలి ఒక పక్కకి తిరిగినప్పుడు, ఇంకో గంట మోగింది. రెంటికీ మధ్య తేడా ఉంది. వెర్నాస్ గంట కాస్త బొంగురు. ఆ తేడా తాడు కింద నిలబడిన ముగ్గురికి తెలుస్తుంది. కొట్టం దాకా వెళ్తే ఇక్కడివాళ్ళకే తెలియదు.

"తేట గంట వినిపిస్తే అడుగు వెయ్యకూడదు," అంది ఒడిల్. "రెండు వైపులా తేట గంటే వినిపిస్తుంది వాడికి. ఎటూ రాడు. నిలబడిపోతాడు. ఆ ఊపిరితిత్తితో."

సిదోనీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనే అన్నాను, రాయొద్దులే ముచ్చటగా ఉంటుంది అని."

"అన్నది నేను," అంది ఒడిల్.

ఆమె సిదోనీ కొట్టంలోంచి పశువుని కట్టే గొలుసు తెచ్చింది. నిచ్చెన పొయ్యిగది వెనక ఉంది. ఉర్బాన్ దాన్ని గోడకి ఆనించి కాళ్ళతో అదిమి పట్టుకున్నాడు, సిదోనీ తాడు తీసుకుంది. ఒడిల్ తొమ్మిది మెట్లు ఎక్కింది. పైన గాలికి కళ్ళు తెరవలేకపోయింది. చేతులతోనే కమాను వెతికి, గొలుసు కమాను రాయికి చుట్టి, కొస గంట అంచుని తాకేలా వదిలింది. సిదోనీ లాగింది. గొలుసు గరగరమని మోగింది. కింద నిలబడి వింటే అచ్చం పాత గంటే.

"ఇది సరిపోతుందా?" అని పై నుంచి అరిచింది.

"దూరం నుంచి వినాలి," అన్నాడు ఉర్బాన్. "నేను వెళ్తా."

వీధి చివర దాకా గోడ ఉంది. నూట ఇరవై అడుగులు. అతను కుడిచెయ్యి గోడ మీంచి తీయకుండా వెళ్ళాడు. వెళ్ళడానికి, రావడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఒడిల్ నిచ్చెన మీదే ఉంది.

అతను తిరిగి వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"అక్కడికి గొలుసు రావట్లేదు. గంట ఒక్కటే వస్తోంది. పాడుతోంది."

"గోనెపట్ట చుడితే?" అంది సిదోనీ. "లోలకానికి చుడదాం."

"అప్పుడు వీధి చివరకి కూడా వినపడదు. ఎవడికీ పనికిరాదు."

ఒడిల్ దిగింది. మూడున్నర అయింది. ఆరింటికి వెలుతురు పోతుంది. ఆమె ఉర్బాన్ పక్క నుంచి వెళ్ళి అతని షెడ్డు తలుపు తోసింది. లోపల ఏ పనిముట్టు ఎక్కడుందో ఆమెకి తెలుసు. నాలుగు కిలోల సమ్మెట తీసుకుని వచ్చింది.

ఉర్బాన్ నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు.

"అది అక్కడ పెట్టెయ్."

"జరుగు తాతా."

"ఏం చేస్తావు దాంతో?"

"నీకు తెలుసు ఏం చేస్తానో."

"ఏడు ఇళ్ళు కడుపు కట్టుకుని కూడబెట్టినది అది. రొసాలీ మెడలోని శిలువ ఉంది దాంట్లో."

"తెలుసు. ఆ శిలువ కొక్కెం విప్పింది నేనే కదా. ఆమెకి స్నానం చేయించింది నేనూ సిదోనీ అక్కా."

సిదోనీ తాడు లాగుతూ ఉంది. తల తిప్పలేదు.

"వాడు దిగాడని నీకు గట్టిగా తెలుసా?" అన్నాడు ఉర్బాన్. "కనుమ దగ్గర సత్రం ఉంది. కూర్చుని వైన్ తాగుతున్నాడేమో. బస్సు మాంద్‌లోనే ఆగిపోయిందేమో. నువ్వు దాన్ని పగలగొట్టాక వాడు రేపు పొద్దున ఈల వేసుకుంటూ వస్తే?"

అది నిజంగానే ఒడిల్‌కి తెలియదు. సమ్మెట బరువు భుజం నుంచి మోచేతికి దిగింది. ఒకటిన్నర దాకా ఎండ కాసిన సంగతి గుర్తు చేసుకుంది.

"బస్సు దిగేటప్పటికి ఎండ ఉంది తాతా. నీకు వాడు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇల్లు ఐదు కిలోమీటర్లలో ఉంది, పదిహేడు నెలలయింది. వాడు సత్రంలో కూర్చుంటాడా?"

ఉర్బాన్ గడ్డం మీద మంచు తుడుచుకున్నాడు. "కూర్చోడు," అన్నాడు. అన్నా జరగలేదు. ఆమె అతన్ని భుజంతో నెట్టి ఎక్కింది. అతను ముసలివాడు, పక్కకి ఒరిగాడు. ఒరిగి మళ్ళీ నిచ్చెన పట్టుకున్నాడు, గాలికి ఊగకుండా.

మొదటి దెబ్బ గంట నడుం మీద పడింది. చేతులు తిమ్మిరెక్కాయి. గంట ఎప్పుడూ మోగనంత తేటగా మోగింది. రెండోది కూడా అంతే. మూడో దెబ్బకి సమ్మెట జారి కమాను రాయికి తగిలింది, ఆమె ఒక మెట్టు కిందికి జారి మోకాలితో ఆగింది. గంట మీద గీత కూడా పడలేదు.

"ఆపు," అన్నాడు ఉర్బాన్.

"ఆపను."

"ఆపమంటున్నా. నువ్వు కొట్టేది పేరు మీద. కంచు అంచు నుంచే పగులుతుంది, నడుం మీద రేపటిదాకా కొట్టినా పగలదు. దిగు."

ఆమె కిందికి చూసింది. అతని ముఖం కనిపించలేదు. ఒక చెయ్యి కనిపించింది, నిచ్చెన మీద. ఆమె దిగింది.

అతను షెడ్డులోకి వెళ్ళి ఉలి, చిన్న సుత్తి తెచ్చాడు. రాయి కొట్టేవాడు మొదట గీత పెడతాడు. గీత లేకపోతే రాయి తనకి తోచినట్టు పగులుతుంది. ఆ మాట అతను ప్రివాకి చాలాసార్లు చెప్పాడు. ఇప్పుడు ఎవరికీ చెప్పలేదు. నిచ్చెన ఎక్కి, లోలకం తగిలే చోటు వేళ్ళతో తడిమి, అంచు మీద ఉలి పెట్టాడు. పద్నాలుగు దెబ్బలు వేశాడు. ఒడిల్ లెక్కపెట్టింది. సిదోనీ అతను చెప్పినప్పుడు తాడు ఆపి, చెప్పినప్పుడు లాగింది, మధ్యలో ఎక్కువ ఖాళీ రాకుండా.

"సమ్మెట ఇవ్వు."

ఒడిల్ మెట్లెక్కి అందించింది. అతను టోపీ తీసి ఆమె చేతికిచ్చాడు. గాలి జుట్టు లేపింది. ఏదో అన్నాడు. అది ఆమెతో కాదు. తర్వాత కొట్టాడు.

ఒక్కటే దెబ్బ. పొయ్యిలో పచ్చి కట్టె చిట్లినట్టు చిన్న శబ్దం వచ్చింది.

"లాగు సిదోనీ," అన్నాడు.

సిదోనీ లాగింది.

డగ్గు.

అతను నిచ్చెన దిగాడు. టోపీ పెట్టుకున్నాడు. గోడ మీద చెయ్యి పెట్టుకుని వీధి చివరకి వెళ్ళాడు. ఈసారి పావుగంట పట్టింది. వచ్చి, "మూకుడే," అన్నాడు. "కానీ సగం దూరమే వెళ్తుంది. ముందు రెండు కిలోమీటర్లు వెళ్ళేది. ఇప్పుడు ఒకటి. వాడు లోయ అంచు దాటి ఉంటేనే వినపడుతుంది."

"దాటకపోతే?"

"లాగు," అన్నాడు.

అప్పటికి నాలుగూ పది. ఒడిల్ తాడు తీసుకుంది. లాగడం, నాలుగు అంకెలు, మళ్ళీ లాగడం. డగ్గు. మిగిలిన ఇళ్ళవాళ్ళకి మోత మారిందని తెలిసింది. ఒక్కొక్కరే తలుపు తీసి, గోడ పట్టుకుని వచ్చారు. పగిలిందా అని ఒకాయన అడిగాడు. "పగలగొట్టాను," అన్నాడు ఉర్బాన్. ఒడిల్ నోరు తెరవబోయింది. అతను చూసిన చూపుకి మూసుకుంది. ప్రివా బయట ఉన్నాడని సిదోనీ చెప్పింది. వాళ్ళు పొయ్యిగదిలో నిప్పు చేసి, తాడు చుట్టూ నిలబడి గాలికి అడ్డం కట్టారు.

ఐదింటికి ఆమె చేతి తొడుగులు చిరిగాయి. సిదోనీ తనవి ఇచ్చింది. "వంతు ఇవ్వవే మొండిదానా. నీకు రేపటి నుంచి మొగుడికి సేవ చేసే చేతులు కావాలి." ఒడిల్ ఇవ్వలేదు. ఐదూ ఇరవైకి సెర్విల్ గంట గాలిలో తేలి వచ్చింది, పోయింది. వాళ్ళు కూడా ఆపలేదు. వాళ్ళ మనుషులంతా ఇంట్లోనే ఉన్నారో లేదో ఇక్కడెవరికీ తెలియదు.

ఐదున్నరకి వెలుతురు బూడిదరంగుకి తిరిగింది. లాంతరు వెలిగించి కమాను కింద పెట్టారు. రెండడుగుల అవతలికి అది కనిపించడం లేదు. ఉర్బాన్ బట్టలుతికే తొట్టి గోడ దాకా వెళ్ళి వచ్చాడు. రెండోసారి కూడా వెళ్ళి వచ్చాడు. ఎందుకు వెళ్తున్నాడో ఎవరూ అడగలేదు.

మూడోసారి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఒడిల్ నూట ఎనభై దెబ్బలు లెక్కపెట్టింది. తర్వాత వీధి చివర నుంచి అతని గొంతు వినిపించింది. "రండ్రా ఎవరైనా! బరువున్నాడు వీడు!"

ఇద్దరు పరిగెత్తారు. ఒడిల్ తాడు వదల్లేదు. వదలకూడదని కాదు. వేళ్ళు రాలేదు. సిదోనీ వచ్చి ఒక్కొక్క వేలూ విప్పింది.

ప్రివాని పొయ్యిగదిలో నిప్పు ముందు కూర్చోబెట్టారు. గడ్డం, కోటు, చేతిలోని అట్టపెట్టె ఒకే ముద్దగా గడ్డకట్టాయి. పెట్టె వదిలించడానికి ముందు మంచుని కరిగించాల్సి వచ్చింది. ఒడిల్ అతని బూట్లు విప్పి, పాదాలు తన జాకెట్టు కింద పెట్టుకుంది. చాలాసేపటికి అతను దగ్గాడు. అందరూ ఆ దగ్గు విన్నారు. పొడి దగ్గు. ఒడిల్ అతని నోటి దగ్గర గుడ్డ పెట్టి చూసింది. తెల్లగానే ఉంది.

సూపు తెచ్చారు. నాలుగు చెంచాలు తాగాక అతనికి మాట వచ్చింది.

"ఆ సెర్విల్ గంట ఉందే," అన్నాడు. "అది నా చుట్టూ తిరిగింది. ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క. గంట తిరగదు కదా, నేనే తిరుగుతున్నానన్నమాట అనుకున్నా. ఎంతసేపు తిరిగానో. దారి రాయి ఒకటి చేతికి తగిలింది. ఇంక కదలకూడదని దాని చాటున కూర్చున్నా. నిద్రొచ్చింది."

ఇంకో చెంచా సూపు తాగాడు.

"అప్పుడు మన మూకుడు మోగింది. పిచ్చిమొహాల్లారా, అంతసేపు ఏం చేస్తున్నారు? పేకాడుతున్నారా?"

"ఆ," అంది సిదోనీ. "నీ పెళ్ళాం గెలిచింది."

తాడు దగ్గర వంతు ముగించుకుని ఉర్బాన్ లోపలికి వచ్చాడు. బయట ఇంకొకరు అందుకున్నారు. గాలి తగ్గలేదు. ప్రివా అతన్ని చూసి చెంచా ఎత్తాడు.

"తాతా, పదిహేడు నెలలు పోయి వస్తే ఊళ్ళో ఒక్కటి మారలేదు. ఇంకా అదే మూకుడా? సిగ్గు లేదా మీకు? నన్ను కాస్త నిలబడనివ్వు. అందరం తలా కొంచెం వేసుకుని కొత్తది పోయిద్దాం."

నిప్పు చుట్టూ ఉన్నవాళ్ళు నేల చూశారు. ఉర్బాన్ టోపీ మీద మంచు దులిపాడు. బెంచీ మీద కూర్చుని చేతులు నిప్పుకి చాపాడు. ఎడమచేతి బొటనవేలు మీద సుత్తి దెబ్బకి నల్లటి మచ్చ పడింది.

"కుదరదురా," అన్నాడు. "పేరు పెట్టేశాం. పాదిరీని పిలిచి మరీ పెట్టాం. ఇంక మార్చకూడదు."

"పేరా? మూకుడికా?" ప్రివా నవ్వాడు. "ఏం పేరు?"

"రొసాలీ."

ప్రివా చెంచా గిన్నెలో పెట్టాడు. ముసలాయన వైపు చూశాడు. తర్వాత ఒడిల్ వైపు చూశాడు. ఆమె అతని పాదాలు కంబళిలో చుట్టి, లేచి, సిదోనీ చేతి తొడుగులు నిప్పు మీంచి తీసుకుంది. అవి ఇంకా ఆరలేదు. తొడుక్కుంది.

"ఎక్కడికి?" అన్నాడు ప్రివా.

"సూపు తాగు. తర్వాత చెబుతా," అంది. "మన వంతు వచ్చింది."